కూలర్, ఎస్‌ఎంపీఎస్: ఒకే లెక్కకు రెండు కొసలు

సొంతంగా కంప్యూటర్ అమర్చుకోవాలనుకునేవారు కొనవలసిన భాగాల జాబితాను దాదాపు ఎప్పుడూ ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి అనుకున్న డబ్బులో అధిక భాగం అయిపోతుంది. మిగిలినదాంట్లో మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పోగా చేతిలో ఉన్న కొద్ది మొత్తంతో ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌నూ, గోడ కరెంటును భాగాలకు తగ్గ వోల్టేజీకి మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌నూ సర్దుకుంటారు; చాలాసార్లు ఆ ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు కలిపి ఇచ్చినదే అయి ఉంటుంది. వీటి గురించి సమాచారానికి కొరత లేదు గానీ, పెట్టెల మీద ముద్రించే అంకెలు కొనేవారి మనసులో ఉన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పవు. 65 వాట్ల ప్రాసెసర్ 148 వాట్లు ఎందుకు తీసుకుంటుందో, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 300 వాట్ల దగ్గరే ఎందుకు చేతులెత్తేస్తుందో తెలియాలంటే ఆ అంకెల వెనక ఉన్న అర్థాన్ని కాస్త ఓపికగా విప్పి చూడవలసి ఉంటుంది.

మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. కంప్యూటర్ ఫ్యాన్లు తిప్పడం తప్ప బరువులు మోసే పని ఏదీ చేయదు గనుక, గోడ సాకెట్ నుంచి తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. అంటే ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు సరఫరా చేస్తుందో అన్ని వాట్ల వేడిని కూలర్లూ ఫ్యాన్లూ బయటికి తరలించాలి. ఒకటి రాబడి అయితే రెండవది ఖర్చు. అందువల్ల ఈ రెండింటినీ విడివిడిగా ఎంచుకోవడం కంటే, యంత్రం మొత్తం ఎంత విద్యుత్తు వాడుతుందో ఒకసారి లెక్క వేసి, ఆ లెక్కతోనే రెండింటినీ నిర్ణయించుకోవడం సులువు.

ఆ లెక్కలో తొలి చిక్కు ప్రాసెసర్ దగ్గరే ఎదురవుతుంది. ప్రాసెసర్ల వివరాల్లో టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అని కనిపించే అంకెను చాలామంది గరిష్ఠ విద్యుత్ వినియోగంగా భావిస్తారు. అది నిజానికి తయారీదారు నిర్దేశించిన ఒక ప్రాథమిక వేగం వద్ద కూలర్ భరించవలసిన వేడికి ఒక సూచిక మాత్రమే. ఇంటెల్ కోర్ ఐ5-13400ఎఫ్‌కు ఈ విలువ 65 వాట్లు. అదే ప్రాసెసర్ పని భారం పెరిగినప్పుడు అందుకునే టర్బో వేగంతో పరుగెత్తేటప్పుడు అనుమతించిన గరిష్ఠ పరిమితి 148 వాట్లు. కోర్ ఐ7-14700కె విషయంలో ఇవి వరుసగా 125, 253 వాట్లు. ఏఎండీ పద్ధతి మరో రకం. ఏఎం5 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ప్రాసెసర్లలో సాకెట్ ద్వారా వెళ్లగల గరిష్ఠ విద్యుత్తు సాధారణంగా టీడీపీకి 1.35 రెట్లు ఉంటుంది. కనుక 65 వాట్ల రైజెన్ 5 7600 నిజంగా 88 వాట్ల వరకూ, 170 వాట్ల రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల వరకూ తీసుకుంటాయి. పైగా కొన్ని మదర్‌బోర్డులు ఈ పరిమితులను ముందే సడలించి వస్తాయి. కాబట్టి కూలర్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసింది ఆ పెద్ద అంకెను.

ఉదాహరణగా రైజెన్ 5 7600, జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న యంత్రాన్ని తీసుకుందాం. ప్రాసెసర్ 88 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 200 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నింటికీ కలిపి ఉదారంగా 60 వాట్లు వేసుకుంటే మొత్తం 350 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇదే మన లెక్కకు మూలధనం.

ఇక చల్లబరచడం గురించి. కూలర్ ప్రాసెసర్‌ను ఫలానా ఉష్ణోగ్రతకు తీసుకురాలేదు. చుట్టూ ఉన్న గాలి కంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్న తేడాను మాత్రమే నిలబెట్టగలదు. విదేశాల్లో రాసే సమీక్షలు చదివేటప్పుడు మనవారు తరచూ మరిచిపోయే సంగతి ఇది. 22 డిగ్రీల గదిలో పరీక్షించి ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర నిలిచిందని రాస్తే, ఆ కూలర్ నిలబెట్టిన తేడా 48 డిగ్రీలన్నమాట. అదే కూలర్, అదే పని, మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో 40 డిగ్రీలున్న గదిలో చేస్తే ప్రాసెసర్ 88 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. క్యాబినెట్ లోపలి గాలి గది గాలి కంటే మరో 5 నుంచి 10 డిగ్రీలు వేడిగా ఉంటుంది గనుక అసలు అంకె ఇంకా పైనే ఉంటుంది. రైజెన్ 5 7600 గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. ఇటీవలి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అనేకానికి 100. రైజెన్ 7 7800ఎక్స్‌3డీకి 89 మాత్రమే. అక్కడ 15 డిగ్రీల వెసులుబాటుతో కనిపించిన కూలర్‌కు ఇక్కడ వేసవిలో ఏమీ మిగలకపోవచ్చు. అందుకే చల్లని దేశాల వారికి సరిపోయిందన్న దాని కంటే ఒక మెట్టు పైన ఉన్న కూలర్‌ను ఎంచుకోమని నేను చెబుతాను, ఏసీ గదిలో వాడేవారికి తప్ప.

అయితే ఒక మెట్టు పైన అన్నంత మాత్రాన నీటి కూలర్ తప్పనిసరి అని అర్థం కాదు. ఈ విషయంలో అపోహ బలంగా ఉంది. గాలితో పనిచేసే టవర్ కూలర్‌లో ప్రాసెసర్‌కు ఆనుకుని ఉండే రాగి గొట్టాలు బోలుగా ఉంటాయి. వాటిలో గాలి తీసేసి, కొద్దిపాటి నీటిని ఉంచి మూసివేస్తారు. పీడనం తక్కువగా ఉండడం వల్ల ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై పైకి వెళ్లి, రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీరుగా మారి, గొట్టం లోపలి సన్నని పూత వెంట ఒత్తి నూనెను పీల్చుకున్నట్టు వెనక్కి వస్తుంది. మోటారు అక్కర లేని ఈ చక్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. అరిగిపోయేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని మార్చుకోవడం కష్టం కాదు. నీటి కూలర్‌లో ఇదే పనిని పంపు చేస్తుంది. రేడియేటర్ పెద్దది కావడం వల్ల ఎక్కువ వేడిని విసరగలదు, ఒక్కసారిగా వచ్చే భారాన్ని నీరు కాసేపు తనలో దాచుకోగలదు. కానీ ఆ వేడి కూడా చివరికి అదే గది గాలిలోకి పోవలసిందే గనుక, 40 డిగ్రీల గదిలో అదేమీ అద్భుతం చేయలేదు. పంపు ఆగిపోయే ప్రమాదమూ, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గుండా నీరు కొంచెం కొంచెంగా తరిగిపోవడమూ అదనం. 88 వాట్ల ప్రాసెసర్‌కు నాలుగు రాగి గొట్టాలున్న ఒక మంచి టవర్ కూలర్ ధారాళంగా సరిపోతుంది. 200 వాట్లు దాటి నిరంతరం పనిచేసే ప్రాసెసర్ ఉన్నప్పుడే 240 లేదా 360 మిల్లీమీటర్ల రేడియేటర్ గురించి ఆలోచించడం సబబు. అలాంటిది బిగించేటప్పుడు లోపల మిగిలిన గాలి బుడగలు పంపులో చేరకుండా, పంపు కంటే రేడియేటర్ పై అంచు ఎత్తులో ఉండేలా చూసుకోవాలి.

రైజెన్ 9 7950ఎక్స్ వంటి వాటి విషయంలో మరొక మాట చెప్పాలి. పూర్తి భారం వద్ద 95 డిగ్రీల దాకా వెళ్లి, ఆ హద్దులో వీలైనంత వేగం రాబట్టేలా వాటిని రూపొందించారు. ఎంత పెద్ద కూలర్ పెట్టినా 95 కనిపిస్తోందని కంగారుపడి వస్తువులు మార్చేవారున్నారు. మెరుగైన కూలర్ అక్కడ ఉష్ణోగ్రతను తగ్గించడానికి బదులు వేగాన్ని పెంచుతుంది.

కూలర్ కొనే ముందు టేపుతో కొలవవలసిన విషయం ఎత్తు. టవర్ కూలర్లు సాధారణంగా 155 నుంచి 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. క్యాబినెట్ వివరాల్లో కూలర్‌కు అనుమతించిన ఎత్తు రాసి ఉంటుంది. సాకెట్‌కు సరిపడే బిగింపు పెట్టెలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

కూలర్ ఎంత మంచిదైనా క్యాబినెట్‌లోకి గాలి రాకపోతే వేడి గాలినే తిప్పితిప్పి పీలుస్తుంది. ఇది అంచనాతో వదిలేయవలసిన విషయం కాదు, లెక్క వేయవచ్చు. మన 350 వాట్ల వేడిని, లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోయేలా తరలించాలంటే నిమిషానికి సుమారు 65 ఘనపుటడుగుల గాలి కదలాలి. ఆ పెరుగుదలను 5 డిగ్రీలకు పరిమితం చేయాలంటే 130 కావాలి. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఎదురు లేని చోట నిమిషానికి 50, 60 ఘనపుటడుగులు ఇస్తుందని పెట్టె మీద ఉన్నా, దుమ్ము జల్లెడా ముందరి పలకా అడ్డం వచ్చాక అందులో సగమే నికరంగా దక్కుతుందనుకోవడం క్షేమం. కనుక ముందు భాగంలో గాలి పీల్చడానికి రెండు లేదా మూడు, వెనుక వదలడానికి ఒకటి ఉంటే ఈ యంత్రానికి తగినట్టుంటుంది. ముందు వైపు పూర్తిగా గాజు పలకతో అందంగా కనిపించే క్యాబినెట్లు మన వాతావరణానికి తగినవి కావని నా అభిప్రాయం. జాలీ ఉన్న ముందు పలక గాలికి దారి ఇస్తుంది. పీల్చే ఫ్యాన్లు వదిలే ఫ్యాన్ల కంటే ఎక్కువ ఉన్నప్పుడు లోపలి పీడనం కాస్త పెరిగి, గాలి సందుల్లోంచి బయటికే పోతుంది తప్ప దుమ్మును లోపలికి లాగదు. రోడ్డు పక్క ఇళ్లలో ఉండేవారికి ఇది చిన్న లాభం కాదు.

గదిని కూడా ఈ లెక్కలో చేర్చాలి. తీరికగా కూర్చున్న మనిషి శరీరం నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. పూర్తి భారంతో ఉన్న మన కంప్యూటర్ ముగ్గురు, నలుగురు మనుషులతో సమానం. ఒక టన్ను ఏసీ తొలగించగల వేడి 3,517 వాట్లు గనుక, దాని సామర్థ్యంలో దాదాపు పదో వంతు ఈ యంత్రానికే పోతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో ఫ్యాన్ గాలి కింద గంటల తరబడి ఆట ఆడితే గది ఉష్ణోగ్రతే పెరిగి, కూలర్ మోయవలసిన లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్ సంగతి. దీన్ని ఒక అనుభవంతో మొదలుపెడతాను. మా అన్నయ్య కొడుకు విజయవాడలో ఇలాంటి కంప్యూటరే అమర్చుకున్నాడు. వేసవిలో ఆట మధ్యలో అది ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలైంది. ఎండలు మండుతున్న రోజులు గనుక ఇంటిల్లిపాదీ వేడి వల్లేననుకున్నారు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చారు, పెద్ద కూలర్ కొన్నారు, క్యాబినెట్ పక్క పలక తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టారు. ఆరిపోవడం ఆగలేదు. నేను వెళ్లి ఉష్ణోగ్రతలు నమోదు చేయించి చూస్తే, ఆరిపోయిన క్షణానికి ప్రాసెసర్ 78 డిగ్రీలే ఉంది. వేడి వల్ల వచ్చే ఇబ్బందికి ఒక నడక ఉంటుంది: ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది, అప్పటికీ అదుపులోకి రాకపోతేనే యంత్రం ఆగుతుంది. ఏ హెచ్చరికా లేకుండా దీపం ఆర్పినట్టు ఆరిపోతే, అదీ గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఒక్కసారిగా పెరిగిన క్షణంలో ఆరిపోతే, మొదట అనుమానించవలసింది ఎస్‌ఎంపీఎస్‌ను.

దాన్ని బయటికి తీసి పక్కనున్న పట్టిక చదివాం. పైన పెద్ద అక్షరాల్లో 500 అని ఉంది. పట్టికలో 12 వోల్టుల వరుసలో మాత్రం 22 ఆంపియర్లు అని ఉంది. 12ను 22తో హెచ్చిస్తే 264 వాట్లు. నేటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే నడుస్తాయి, 5, 3.3 వోల్టుల అవసరం బహు స్వల్పం. ఆ రెండు చిన్న వోల్టేజీల వాట్లను కూడా కలిపి పెద్ద మొత్తంగా చూపించడం పాతకాలపు నమూనాల పద్ధతి. ప్రాసెసర్‌కు 88, కార్డుకు 200, వెరసి 288 వాట్లు అడుగుతున్న చోట 264 మాత్రమే ఇవ్వగలిగిన పరికరం అది. ఎస్‌ఎంపీఎస్ మార్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు. కొనేవారు నేర్చుకోవలసిన కూడిక, గుణకారం ఇంతే: పట్టికలో 12 వోల్టుల ఆంపియర్లను చూసి, 12తో హెచ్చించి, పేరులో ఉన్న వాట్లకు అది దగ్గరగా ఉందో లేదో పోల్చుకోవాలి. మంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద 12 వోల్టుల వరుసలో 54 ఆంపియర్ల చుట్టూ కనిపిస్తుంది.

350 వాట్ల యంత్రానికి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఎందుకన్న ప్రశ్న సహజం. ఆర్‌టీఎక్స్ 4070కు ఎన్విడియా సూచించేది కూడా అంతే. గ్రాఫిక్స్ కార్డుల వినియోగం సగటున 200 వాట్లు ఉన్నా, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలం పాటు దానికంటే బాగా పైకి ఎగసిపడి మళ్లీ దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లకు ఎస్‌ఎంపీఎస్ రక్షణ వ్యవస్థ బెదిరి ఆపేయకూడదు. 2022లో వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ల ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సమస్యను నేరుగా పట్టించుకుంది. 450 వాట్లకు పైబడిన నమూనాలు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని తట్టుకోవాలని నిర్దేశించింది. కొత్తగా కొనేవారు ఈ ప్రమాణాన్ని గానీ దాని తర్వాతి 3.1ను గానీ పాటించే నమూనాను ఎంచుకోవడం మంచిది. అలాగని 350 వాట్ల యంత్రానికి 1000 వాట్లు కొనడంలో ప్రయోజనం లేదు. ఆ తేడా డబ్బుతో నాణ్యత ఒక మెట్టు పెంచుకోవచ్చు.

నాణ్యత అనగానే అందరూ 80 ప్లస్ ముద్ర చూస్తారు. 2004లో మొదలైన ఈ ముద్ర చెప్పేది సామర్థ్యం గురించి ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న దాంట్లో ఎంత శాతం కంప్యూటర్‌కు చేరుతుందన్నది. 230 వోల్టుల ప్రమాణం ప్రకారం సగం భారం వద్ద ఈ ముద్ర శ్రేణుల్లో బ్రాంజ్‌కు 88 శాతం, గోల్డ్‌కు 92 శాతం ఉండాలి. మన యంత్రం 350 వాట్లు వాడేటప్పుడు బ్రాంజ్ గోడ నుంచి 398 వాట్లు, గోల్డ్ 380 వాట్లు తీసుకుంటాయి. రోజుకు నాలుగు గంటలు పూర్తి భారంతో వాడినా ఏడాదికి తేడా 26 యూనిట్లే. అందువల్ల కరెంటు బిల్లు ఆదా కోసం గోల్డ్ కొనడం అర్థవంతం కాదు. ఆ 18 వాట్ల వేడి ఎస్‌ఎంపీఎస్ లోపలే పుడుతుందన్నది అంతకంటే ముఖ్యం. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు, పని ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఇంచుమించు సగానికి పడిపోతుంది. పైగా 80 ప్లస్ పరీక్ష జరిగేది 23 డిగ్రీల వద్ద. మనం అడగవలసిన ప్రశ్నలు వేరు: పూర్తి వాట్లను 40 డిగ్రీల వద్ద ఇస్తుందా, 50 డిగ్రీల వద్దనా? కెపాసిటర్లు 105 డిగ్రీల శ్రేణివేనా? అధిక వోల్టేజీ, అధిక కరెంటు, షార్ట్ సర్క్యూట్, అధిక ఉష్ణోగ్రతల నుంచి రక్షణలన్నీ ఉన్నాయా? వారంటీ మూడేళ్లా, ఏడేళ్లా, పదేళ్లా? నా దృష్టిలో వారంటీ కాలం తయారీదారు తన వస్తువును ఎంత నమ్ముతున్నాడో చెప్పే నిజాయితీ గల అంకె.

మన ఇళ్లలో కరెంటుకు సంబంధించి రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. సరఫరా పోయిన క్షణం నుంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న శక్తితో కంప్యూటర్‌ను నిలబెట్టగలిగేది, ప్రమాణాల ప్రకారం చూస్తే, భారాన్ని బట్టి 12 నుంచి 17 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక్క ఆవృత్తి పూర్తికావడానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. యూపీఎస్ ఆ లోపల అందుకోవాలి. ఇంటి ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో ఉంచకపోతే మారడానికి అది ఎక్కువ సమయం తీసుకుని కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ చాలావరకు ఇవ్వగలిగేది 360 వాట్లు. గోడ నుంచి 380 వాట్లు, మానిటర్‌కు మరో 30 వాట్లు అడిగే మన యంత్రానికి అది చాలదు, 660 వాట్లు ఇచ్చే 1100 వీఏ రకం కావాలి.

రెండవది ఎర్తింగ్. క్యాబినెట్‌ను ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయని చెప్పేవారు చాలామంది ఉంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను వడకట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ తీగల నుంచి ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్త్ తీగ సరిగా ఉంటే ఆ స్వల్ప కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మొత్తం సరఫరాలో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. ప్రవహించే కరెంటు అత్యల్పం గనుక జివ్వుమనడంతో సరిపోతుంది గానీ, ఎస్‌ఎంపీఎస్‌లో నిజంగా లోపం ఏర్పడిన రోజున మనిషిని కాపాడవలసింది కూడా ఆ ఎర్త్ తీగే. దీనికి విరుగుడు ఎస్‌ఎంపీఎస్ మార్చడం కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో ఎర్త్ పరీక్షించడం. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగ లేకపోవడం నేను పలుచోట్ల చూశాను.

చివరిగా కేబుళ్లు. గ్రాఫిక్స్ కార్డుకు అది కూర్చునే పీసీఐఈ స్లాటు నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల కనెక్టర్ నుంచి 75 వాట్లు, ఎనిమిది పిన్నుల దాని నుంచి 150 వాట్లు లభిస్తాయి. అందుకే 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070లో అనేక నమూనాలు ఒక్క ఎనిమిది పిన్నుల కేబుల్‌తోనే నడుస్తాయి. 600 వాట్ల వరకూ మోయగల 16 పిన్నుల కొత్త కనెక్టర్ 2022 అక్టోబరులో వచ్చిన 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090తో విస్తృతంగా వాడుకలోకి వచ్చి, కొందరి కార్డుల్లో కరిగిపోయింది. పూర్తిగా లోపలికి నొక్కకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటని తేలింది. సవరించిన 12వి-2x6 రకంలో సంకేత పిన్నుల పొడవు తగ్గించారు గనుక సరిగా కూర్చోకపోతే కార్డు విద్యుత్తు తీసుకోదు. అయినా ఆ కనెక్టర్‌ను చివరి వరకూ నొక్కి, ఖాళీ కనిపించడం లేదని కంటితో చూసుకుని, దాని దగ్గర కేబుల్‌ను పదునుగా వంచకుండా ఉంచాలి.

విడదీయగల కేబుళ్లున్న మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌ను మార్చేటప్పుడు పాత కేబుళ్లను అలాగే ఉంచి కొత్త పెట్టెకు తగిలించాలన్న కోరిక కలుగుతుంది, ఎందుకంటే వాటిని క్యాబినెట్ వెనక ఒద్దికగా సర్దడానికి ఒక మధ్యాహ్నం పట్టి ఉంటుంది. అది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. మదర్‌బోర్డు వైపు కొసకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు లేదు. ఒకే కంపెనీ రెండు నమూనాల్లో కూడా పిన్నుల వరుస మారవచ్చు, ప్లగ్ మాత్రం చక్కగా దూరుతుంది, 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళ్లి ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్కులు మొదటి క్షణంలోనే కాలిపోతాయి. వాడని కేబుళ్లను ఎస్‌ఎంపీఎస్ వచ్చిన సంచిలోనే వేసి, పైన నమూనా పేరు రాసి, మిగతా వాటితో కలవకుండా దాచిపెట్టాలి.